ప్రతి మైలుకీ మూడు సెకన్లు

మేబెల్ హీటరు ఎట్టకేలకు పనిచేసింది. కాకపోతే కారు మొత్తంలో అది ఒక్క కాలినే వెచ్చబెడుతుంది: ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్న మనిషి కుడి కాలిని. ఆ సీటు తనదే అనుకుంటోంది కాబట్టి మెరియల్‌కి అందులో లోపమేమీ కనబడలేదు.

"నెడ్! నా కాలు ఉడికిపోతోంది! వచ్చి చూడు!" అని కొట్టం అదిరేలా అరిచింది.

కారు కింద నుంచి ముందు రెండు బూట్లు, తర్వాత గ్రీజు మరకల మొహం ఒకటి బయటికొచ్చాయి.

"నావి రెండూ గడ్డకట్టాయి. ఒకటి నీకిస్తా, దాన్ని కూడా ఉడకబెట్టు."

పెళ్ళయి ఐదు వారాలైన వాళ్ళకి ఇంతకంటే గొప్ప హాస్యం అక్కర్లేదు. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మేబెల్ 1959లో తయారైన ఆకుపచ్చ మోరిస్ మైనర్. గుండ్రటి వీపు, గుండ్రటి లైట్లు, ఇప్పుడే ఏదో విని ఆశ్చర్యపోయినట్టుండే మొహం. డిసెంబరు మొదటి వారంలో అది ఇంగ్లండ్ దక్షిణాన కార్న్‌వాల్ కొసన సముద్రపు ఒడ్డున బయల్దేరి, స్కాట్లండ్ ఉత్తరపు కొసన మళ్ళీ సముద్రం కనబడేదాకా పోవాలి. మూడు రోజులు, పద్నాలుగు వందల మైళ్ళు, అదీ తిన్నని రోడ్ల మీద కాదు, కొండదారుల మీద. పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఏటా నడిపే ఈ ప్రయాణానికి 'కొస నుంచి కొసకి' అని పేరు. నెడ్, మెరియల్ పెళ్ళయ్యాక ఎక్కడికీ వెళ్ళలేదు. ఇదే మన హనీమూన్ అని పెళ్ళికి ముందే మాట అనేసుకున్నారు.

నెడ్ పని పొలాల మధ్య రాతిగోడలు కట్టడం. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి వందేళ్ళు నిలబెట్టే పని. అలాంటివాడికి కారులో ఒక్క వస్తువు కదిలినా ప్రాణం ఒప్పదు. నిప్పునార్పే సిలిండరు సీటు కింద బిగించాడు. బ్యాటరీకి తోలు పట్టీ కట్టాడు. వెనక పార, లాగుడు తాడు, ఎర్ర త్రికోణం, ఇంజను బెల్టు ఇంకొకటి. లైట్ల బల్బులు పగలకుండా తన ఊలు మేజోళ్ళలో చుట్టి పెట్టాడు. మెరియల్ తన వంతుగా పాత కర్టెను గుడ్డతో మ్యాపులకి సంచి కుట్టి డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసింది. పెన్సిలు కింద పడితే వెతుక్కోకుండా దానికి దారం కట్టి, దారాన్ని తన కోటు గుండీకి కట్టుకుంది. అలా కట్టుకున్న రోజు సాయంత్రం ఆ సంగతి మర్చిపోయి అలాగే వంటింట్లోకి నడిచింది. పెన్సిలు వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. నెడ్ దానికి "మన కుక్కపిల్ల" అని పేరు పెట్టాడు.

అన్నిటికంటే ఆమెకి ప్రాణమైంది దూరం చూపించే మీటరు. సీటుకి ఎదురుగా నల్లటి పెట్టె, అందులో తిరిగే తెల్లని అంకెలు. మైలులో నూరో వంతు కూడా చూపిస్తుంది. కొస నుంచి కొసకి పరుగుపందెం కాదు. వాళ్ళు చెప్పిన సగటు వేగంతోనే పోవాలి. ముందు చేరినా తప్పే, ఆలస్యంగా చేరినా తప్పే. దారిలో ఎక్కడో గోడ చాటున ఒకరు గడియారం పట్టుకుని దాక్కుని ఉంటారు. ఫోన్లు సీలువేసిన కవర్లో పెట్టేయాలి. మిగిలేది ఈ మీటరు, ఒక స్టాప్‌వాచీ, పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటరు బుర్ర.

మెరియల్ ఆ మీటరుని మూడు ఆదివారాలు సరిచూసింది. చర్చి గేటు నుంచి పశువుల కంచె దాకా కచ్చితంగా రెండు మైళ్ళు. పోవడం, రావడం, మీటరు వెనక ఉన్న చిన్న పళ్ళ చక్రం మార్చడం, మళ్ళీ పోవడం. మూడో ఆదివారం అంకెలు సరిగ్గా రెండు మీద ఆగాయి. ఆ రోజు ఆమె కారు దిగి రోడ్డు మధ్యలో గెంతులేసింది.

సరిచూడటం ఆమెకి కొత్త కాదు. కాలేజీ చదువయ్యాక లోయలోని జున్ను ఫ్యాక్టరీలో పాలు పరీక్షించే ఉద్యోగంలో చేరింది. రోజూ పొద్దున్నే చేసే మొదటి పని థర్మామీటర్లన్నీ ఐసు నీళ్ళలో ముంచి చూడటం. వాటిలో ఒకటి ఎప్పుడూ అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. పారేయబోతుంటే పెద్దావిడ ఒకామె ఆపి, దాని మీద "అర డిగ్రీ ఎక్కువ" అని చీటీ అంటించింది. ఆ చీటీతోనే అది రెండేళ్ళుగా పనిచేస్తోంది.

ఇంత చేసినా ఆ ఎడమ సీటు ఇంకా మెరియల్‌ది కాలేదు. ఎందుకంటే కారు థెల్మా అత్తది.

థెల్మా నెడ్‌కి మేనత్త. డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త విల్ఫ్ నడుపుతుంటే పక్కన కూర్చుని పదకొండుసార్లు కొస నుంచి కొసకి దారి చెప్పిన మనిషి. నాలుగేళ్ళ కిందట విల్ఫ్ పోయినప్పటి నుంచి మేబెల్ కొట్టంలోనే ఉంది. నెడ్ అడగ్గానే "కారు తీసుకో. పక్క సీటు మాత్రం ఊరికే ఇవ్వను" అంది.

"అదేంటత్తా, నా పెళ్ళాం..."

"పెళ్ళాం కాబట్టే చెబుతున్నా. దారి తప్పి విడిపోయిన మొగుడూ పెళ్ళాలని నాలుగు జంటలు చూశాను. అందులో ఒక జంట స్కాట్లండ్‌లోనే చెరో రైలెక్కేశారు. కారు పాపం అక్కడే ఉండిపోయింది."

ఆమె పెట్టిన పరీక్ష ఇది. శనివారం పొద్దున పదింటికి తన గేటు దగ్గర బయల్దేరాలి. పన్నెండు మైళ్ళ దారి, సగటున గంటకి ఇరవై నాలుగు మైళ్ళు. అత్త ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. తన ముందు నుంచి పోయేటప్పుడు ఐదు సెకన్లకి మించి అటూ ఇటూ అయితే సీటు క్లిఫర్డ్‌ది. క్లబ్బుకి పేరు పంపడానికి శనివారం మధ్యాహ్నం పన్నెండే గడువు.

క్లిఫర్డ్ ఊళ్ళో రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఎప్పుడూ దగ్గు బిళ్ళల వాసన వేస్తుంటాడు. అప్పుడే కొత్త పెన్సిళ్ళు కూడా కొన్నాడని వినికిడి.

"పెళ్ళాం ఇంట్లో, హనీమూన్ క్లిఫర్డ్‌తో" అన్నాడు నెడ్ దిగులుగా. "మూడు రోజులూ ఆయన నడుం నొప్పి గురించి వినాలి."

"నేను గెలుస్తా."

"తెలుసనుకో. అయినా..."

"అయినా ఏంటి?"

"ఏం లేదు" అని నెడ్ వేరే వైపు చూశాడు. అది గురువారం. శుక్రవారం ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అతను చేతులు కడుక్కుంటూ ఈలవేస్తున్నాడు. మొహంలో ఏదో దాచుకున్న వెలుగు. అడిగితే చెప్పలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు. మొగుడు ఈలవేస్తే అర్థం వెతికేంత పాతబడలేదు మరి.

శనివారం ఎండ కాసింది. గడ్డి మీద మంచు తెల్లగా మెరుస్తోంది. మెరియల్‌కి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఫ్లాస్కులో టీ, కాగితంలో పళ్ళ కేకు, ఆ లోయ వాళ్ళ అలవాటు ప్రకారం దాని మీద తన ఫ్యాక్టరీ జున్ను ముక్క. బురద కొట్టుకుని నిలబడ్డ మేబెల్ ముక్కు మీద ముద్దుపెట్టి కారెక్కింది. కుక్కపిల్ల గుండీకి వేలాడుతోంది.

అత్త గేటుకి దారి చీటీ కట్టి ఉంది. పాత కాగితం, పెన్సిలుతో రాసిన అంకెలు. నెడ్ చూసి "ఇది విల్ఫ్ మామయ్య రాత" అన్నాడు నెమ్మదిగా. ఏ మలుపు ఎంత దూరంలో ఉందో మామయ్య ఎప్పుడో కొలిచి రాసి పెట్టుకున్న చీటీ.

సరిగ్గా పదింటికి మెరియల్ స్టాప్‌వాచీ నొక్కింది. "పద!"

మేబెల్ గుర్రుమంటూ కొండెక్కింది. మైలుకి నూట యాభై సెకన్లు. అంతే లెక్క. మీటరులో ఒక మైలు తిరిగింది. గడియారం నూట యాభై చూపించింది.

"సున్నా!"

రెండు మైళ్ళు. మూడు వందల సెకన్లు.

"మళ్ళీ సున్నా! నెడ్, మనం దేవుళ్ళం!"

"దేవుళ్ళకి కేకు పెట్టరా?"

"ముందు రోడ్డు చూడు."

చిన్న చర్చి వచ్చింది. చీటీలో విల్ఫ్ మామయ్య రాసింది: 2.50, చర్చి దగ్గర ఎడమకి. నెడ్ ఎడమకి తిప్పాడు. మెరియల్ మీటరు చూసింది. 2.45.

చీటీని మీటరు పక్కన పెట్టి చూసింది.

తాను తప్పు చదివిందేమోనని మళ్ళీ చూసింది. కాదు. మూడు ఆదివారాలు, పళ్ళ చక్రం, రోడ్డు మధ్యలో గెంతులు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పొరపాటు విల్ఫ్ మామయ్య చేశాడా, తను చేసిందా? పదకొండుసార్లు నడిపిన మనిషి అంకెల్లో తప్పు వెతకడానికి తనకి మొహం చెల్లలేదు. అంటే తప్పు తనదే. కొత్త పెన్సిలు చెవి మీద పెట్టుకున్న క్లిఫర్డ్ ఆమె సీట్లో కాలు వెచ్చబెట్టుకుంటూ కనిపించాడు.

"ఏమైంది? సున్నా అనట్లేదేంటి?"

"మాట్లాడకు. ఇలాగే పోనీ."

తర్వాతి మలుపు: 4.00, పాడుబడ్డ సున్నపుబట్టీ దగ్గర కుడికి. ఆమె మీటరు మీంచి కళ్ళు తియ్యలేదు. బట్టీ రాళ్ళు పక్కకి రాగానే చూసింది. 3.92.

రెండున్నర మైళ్ళకి ఐదు నూరో వంతులు తక్కువ. నాలుగు మైళ్ళకి ఎనిమిది తక్కువ. అంటే మైలుకి రెండు. ఎక్కడా తడబాటు లేదు. ఎగుడుదిగుడు దారిలోనూ అంతే, కొండ దిగినా అంతే.

ఐసు నీళ్ళలో ముంచిన థర్మామీటరు, దాని మీద చీటీ గుర్తొచ్చాయి.

"అబద్ధం చెబుతోంది!" అని అరిచింది. "కానీ నెడ్, ఎప్పుడూ ఒకే అబద్ధం చెబుతోంది!"

"ఎవరు? అత్తా?"

"మీటరు! మైలుకి రెండు నూరో వంతులు తక్కువ. మైలుకి నూట యాభై సెకన్లయితే రెండు నూరో వంతులకి మూడు సెకన్లు. మీటరులో ప్రతి మైలుకీ మూడు సెకన్లు కలపాలి. నాలుగు మైళ్ళు... పన్నెండు! పన్నెండు సెకన్లు ముందున్నాం! నెమ్మది, నెమ్మది!"

నెడ్ బ్రేకు మీద కాలేశాడు. కేకు ఒళ్ళోకి దూకింది.

"పోయిన ఆదివారం కచ్చితంగా ఉంది. ఈ వారంలో కారుకి ఏం చేశావ్?"

ఆమె తిరిగి చూసింది. నెడ్ చెవులు ఎర్రగా కందిపోయాయి.

"నెడ్ ఆల్డర్సన్."

"టైర్లు."

"ఏ టైర్లు?"

"కొత్తవి. మంచులో జారనివి. పాతవి అరిగిపోయాయని, కల్లో కూడా జారిపోతున్నానని అన్నావు కదా. నిన్న బిగించేశా. పరీక్ష అయ్యాక చూపిద్దామని... కనబడకుండా బురద పూశాను."

"బురద పూశావా!"

"చేత్తో. నాలుగింటికీ."

కొత్త టైరంటే మందమైన రబ్బరు. మందమైన రబ్బరంటే పెద్ద చక్రం. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. మీటరు తిరిగినంతే చెబుతుంది. టైర్లు మారిస్తే మీటరు మళ్ళీ సరిచూసుకోవాలని ఈ కార్ల వాళ్ళలో అక్షరాభ్యాసం అప్పుడే నేర్పుతారు. తెలిసిన మనిషే, ప్రేమలో పడి మర్చిపోయాడు. ఆమెకి అతన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది, నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. రెండింటికీ టైము లేదు.

"తర్వాత నీ పని చెబుతా. ఇప్పుడు నేను చెప్పినట్టు పోనీ. ఇంకా ఏడు సెకన్లు ముందున్నాం. ఐదు. ఇంకొంచెం... ఆగు ఆగు ఆగు!"

మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా గొర్రె నిలబడి ఉంది. నల్లటి మొహం, మెలితిరిగిన కొమ్ములు. మేబెల్‌ని ఎగాదిగా చూసి నెమరువేయడం మొదలుపెట్టింది.

నెడ్ హారన్ కొట్టాడు. మేబెల్ హారను బాతు అరుపులా ఉంటుంది. గొర్రెకి అది నచ్చినట్టుంది, రెండడుగులు దగ్గరికొచ్చింది.

"అమ్మా తల్లీ, లేటవుతోంది" అని మెరియల్ అద్దం దించి బతిమాలింది. "హనీమూన్ తల్లీ!"

గొర్రె తుమ్మి, తీరిగ్గా గట్టెక్కింది.

"ఎంత పోయింది?"

"ఇప్పుడు ఎనిమిది సెకన్లు వెనక. తొక్కు!"

ఇక అక్కణ్ణుంచి దిగుడు. నెడ్ మేబెల్‌ని వదిలాడు. రాతిగోడలు రెండు పక్కలా దూసుకుపోతున్నాయి. వాటిలో సగం తను కట్టినవే, అయినా ఒక్కదాన్నీ చూపించే తీరిక అతనికి లేదు. మెరియల్ ఒక కన్ను మీటరు మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టి పైకే లెక్కపెడుతోంది.

"ఐదో మైలు, పదిహేను కలుపు... ఆరు వెనక. ఆరో మైలు, పద్ధెనిమిది... మూడు వెనక. బాగుంది, ఇలాగే. ఏడో మైలు, ఇరవై ఒకటి. పది దాటిన పదిహేడు నిమిషాల యాభై ఒక్క సెకన్లకి రావాలి. వచ్చింది... యాభై రెండు. ఒక్కటే! నెడ్, ఒక్కటే వెనక! ఇప్పుడిలాగే పట్టుకో, ఊపిరి కూడా పీల్చకు!"

"డ్రైవరు ఊపిరి పీల్చకపోతే ఎట్లా?"

"సగం పీల్చు."

ఎనిమిదో మైలు దాటాక, ఎవరూ ఫోను చెయ్యని పాత ఎర్ర ఫోను గది ఒకటి దారి పక్కన వచ్చింది. ఇప్పుడందులో ఊరివాళ్ళు చదివేసిన పుస్తకాలు పెడతారు. దాటుతుండగా మెరియల్‌కి తలుపు సందులోంచి పొగలు కక్కుతున్న టీ కప్పు, గడియారం పట్టుకున్న ఊలు గ్లవ్సు కనబడ్డాయి. కెవ్వున కేకపెట్టింది.

"చూడకు! మనం చూడలేదు! అలాగే పోనీ!"

పన్నెండో మైలు అత్త ఇంటి వెనక గేటు దగ్గర ముగిసింది. ఇద్దరూ కారులోనే కూర్చుని నలిగిన కేకు తిన్నారు. మెరియల్ దిగి, చేత్తో గడ్డి పీకి టైరు మీది బురద తుడిచింది. కింద నల్లని కొత్త రబ్బరు, లోతైన గాళ్ళు. ఇంత అందమైన కానుక తనకి ఎవరూ ఇవ్వలేదనిపించింది. అయినా ఫలితం తెలిస్తే గానీ అది కానుకో శాపమో తెలియదు కదా.

క్లిఫర్డ్ వ్యానులో అత్త వచ్చేసరికి పదకొండున్నర. తిన్నగా వంటింట్లోకి నడిచింది. ముగ్గురూ వెనకే నడిచారు. అత్త కోటు విప్పింది, కెటిల్ పెట్టింది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న పిల్లికి పాలు పోద్దామని కొట్టంలోకి వెళ్ళాను" అంది. "మేబెల్ వేలెడంత పొడుగెదిగింది. ఈ వయసులో!"

నెడ్ తల దించుకున్నాడు.

"బురద టైరుకే ఉండి చక్రానికి లేకపోతే ఎవరు నమ్ముతార్రా? పూసేవాడివి శుభ్రంగా పూయొచ్చుగా."

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?" అంది మెరియల్. "తెలిసీ చెప్పలేదా?"

"ఎందుకు చెబుతాను? మీటరు నిజం చెబుతుంటే మా పిల్లి కూడా దారి చెబుతుంది. స్కాట్లండ్ మంచులో అది నిజం చెప్పదమ్మాయ్. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలియాలి." జేబులోంచి గడియారం తీసి టేబుల్ మీద పెట్టింది. "చర్చి దగ్గర మీరు ఏడు సెకన్లు ముందే పోయుంటారు. ఆ లెక్కన నా దగ్గరికి ఇరవై నాలుగు సెకన్లు ముందొస్తారనుకున్నాను. క్లిఫర్డ్‌తో సూట్‌కేసు సర్దుకోమని కూడా అన్నాను."

ఎవరూ ఊపిరి పీల్చలేదు. సగం కూడా.

"రెండు సెకన్లు" అంది అత్త. "వెనక. అవి ఎక్కడ పోయాయి?"

"గొర్రె" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అత్త మొహం కదల్లేదు. లేచి అల్మరా మీద నుంచి మూత సొట్టపోయిన రేకు డబ్బా తీసింది. అందులో అతిమధురంతో చేసే నల్లటి పాంటిఫ్రాక్ట్ మిఠాయి బిళ్ళలు. పదకొండు ప్రయాణాలూ అది నావిగేటరు ఒళ్ళోనే ఉండేది. విల్ఫ్ మామయ్య గంటకొకసారి నోరు తెరిచి అడుక్కునేవాడని ఇంట్లో అందరికీ తెలుసు. అత్త డబ్బాని టేబుల్ మీద మెల్లగా అవతలికి నెట్టింది. అది మెరియల్ మోచేతికి తగిలి ఆగింది.

"గంటకొకటే. ఎంత ఏడ్చినా రెండోది ఇవ్వకు. విల్ఫ్‌కి ఇచ్చి చెడగొట్టాను."

అందరికంటే గట్టిగా నిట్టూర్చింది క్లిఫర్డ్. "బతికించావమ్మా. కదిలే బండిలో మ్యాపు చూస్తే నాకు వాంతులే. ఈవిడకి చెప్పే ధైర్యం లేక వారం నుంచి నిద్రపోలేదు."

పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది. క్లబ్బు కాగితం ముందుకు లాక్కుని, మెరియల్ గుండీకి వేలాడుతున్న పెన్సిలు పట్టుకుంది. నావిగేటరు పేరు అన్నచోట మెరియల్ అని రాసి ఆగింది. తర్వాతి మాట ఇంతవరకు ఏ కాగితం మీదా రాయలేదు. నాలిక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది: ఆల్డర్సన్. బాగుందో లేదోనని కాగితం దూరంగా పట్టుకుని చూసుకుంది. బాగుంది.

"రేపు పొద్దున చర్చి గేటు దగ్గర" అంది అత్త టీ పోస్తూ. "కొత్త టైర్లతో మీటరు మళ్ళీ సరిచూడాలి. నేను వెనక సీట్లో కూర్చుంటాను. ఆ హీటరు గాలి వెనక్కి వస్తుందా?"

"ఒక్క కాలికే అత్తయ్యా. అదీ నాదే" అంది మెరియల్, గెలుపు గర్వంతో.

నెడ్ కుర్చీలో ముందుకు వంగి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.

మెరియల్ గడియారం చూసింది. "ఇంకా గంట కాలేదు" అంది. తర్వాత డబ్బా మూత తీసి, అత్త అటు తిరిగే దాకా ఆగి, ఒకటి కాదు, రెండు పెట్టింది. టైర్ల బాకీలో అది మొదటి వాయిదా.